ఐస్నర్ బొమ్మలు బతికించిన జీపు

ఈ కథ చెబుతున్న జీపు 1943లో ఒహాయో రాష్ట్రం టొలీడోలో, విల్లీస్ కార్ఖానాలో పుట్టింది. నాలుగు సిలిండర్లు, 60 గుర్రాల బలం, బానెట్ మీద తెల్ల నక్షత్రం. రెండో ప్రపంచ యుద్ధానికి దీనితోపాటు తయారైన తోబుట్టువులు 6 లక్షల పైచిలుకు. వాటిలో తూటా తగలకుండానే మూలపడ్డవి ఎన్నో. ఆయిల్ మార్చక ఇంజన్ పట్టేసినవి కొన్ని, గ్రీజు ముఖం చూడక బేరింగులు అరిగిపోయినవి కొన్ని. నడిపే కుర్రాళ్ల చేతికి సైన్యం లావుపాటి మాన్యువల్ ఇచ్చేది. దాన్ని తెరిచినవాడు అరుదు.

అలాంటి చావు ఈ జీపుకు తప్పిందంటే అది కామిక్స్ చిత్రకారుడు విల్ ఐస్నర్ చలవ.

ఆయన 1917లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో, వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి నాటకశాలలకు తెరలు చిత్రించినవాడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. పిల్లవాడు వాల్ స్ట్రీట్‌లో పేపర్లు అమ్మి ఇంటికి ఆసరా అయ్యాడు. 1936లో జెర్రీ ఐగర్‌తో కలిసి స్టూడియో పెట్టి, ప్రచురణకర్తలకు కామిక్స్ గీసి ఇవ్వడం మొదలుపెట్టారు.

1940 జూన్ 2న ఆదివారం పత్రికలతోపాటు ఆయన కామిక్ 'ది స్పిరిట్' వచ్చింది. చనిపోయాడని లోకం అనుకుంటున్న డిటెక్టివ్ ఒకడు కళ్లకు ముసుగు కట్టుకుని నేరస్థుల్ని పట్టుకునే కథ. ఆ పేజీల్లో కథ పేరు ఒకసారి మేడ గోడలై లేచేది, ఇంకోసారి వీధిలో చిత్తుకాగితాలై ఎగిరేది. మంచి రోజుల్లో అది 20 పత్రికల ద్వారా 50 లక్షల ప్రతులతో ఇళ్లకు చేరింది. స్పిరిట్ రాకకు రెండేళ్ల ముందే సూపర్‌మ్యాన్ సృష్టికర్తలు తమ హక్కులన్నీ 130 డాలర్లకు వదులుకున్నారు. ఐస్నర్ మాత్రం స్పిరిట్ తన సొత్తేనని ఒప్పందంలోనే రాయించుకున్నారు. పాతికేళ్లయినా నిండని మనిషి ముందుచూపు అది!

ఆ పేజీలకు మచ్చ కూడా ఉంది. ఎబొనీ వైట్ అనే నల్లజాతి కుర్రాణ్ణి లావు పెదవులతో, వంకర భాషతో వెక్కిరింతగా గీశారు. ఆ కాలంలో అందరూ అలాగే గీసేవారన్న సమాధానం సరిపోదు.

1942లో ఆయన సైన్యంలో చేరాల్సి వచ్చింది. అక్కడ 'ఆర్మీ మోటార్స్' అనే పత్రికకు జో డోప్‌ను సృష్టించారు. వీడు చెయ్యకూడనివన్నీ చేసి బండిని పాడుచేసే సైనికుడు. వాణ్ణి చూసి కుర్రాళ్లు నవ్వేవారు, నవ్వుకుంటూనే డిప్‌స్టిక్ బయటికి లాగి ఆయిల్ చూసేవారు. మాన్యువల్ ముట్టని చేతులు కామిక్‌ను పదిమందికీ అందించడం ఈ జీపు డాష్‌బోర్డు కళ్లారా చూసిన సంగతి.

1950లో కొరియా యుద్ధం ముంచుకొచ్చింది. పసిఫిక్ దీవుల్లో తుప్పు పడుతున్న పాత బళ్లను జపాన్‌కు తెచ్చి, విప్పి, బిగించి కొరియాకు తోలారు. ఆ మందలో ఈ జీపూ ఉంది. మరుసటి ఏడాది 'పీఎస్ మ్యాగజైన్' మొదలైంది. జేబులో పట్టే మాసపత్రిక, మధ్యలో రంగుల కామిక్ కథ. బళ్ల కిటుకులు చెప్పే కోనీ రాడ్ అందులో ఉండేది. ఉత్తరాలకు జవాబిచ్చే హాఫ్‌మాస్ట్ సార్జెంటు ఉండేవాడు. ఏ నట్టు ఎటు తిప్పాలో, ఏ గొట్టం ఎక్కడ చిల్లిపడుతుందో చెయ్యి పట్టుకుని చూపినట్టు ఉండేది. అది మొదలైన మరుసటేడు స్పిరిట్ ఆగిపోయింది. ఐస్నర్ 1971 దాకా పీఎస్‌తోనే ఉన్నారు, కొరియాకూ వియత్నాంకూ వెళ్లి బళ్లనూ మనుషులనూ దగ్గరగా చూశారు. వియత్నాంలో ఎం16 తుపాకులు పేలకుండా మొరాయించి సైనికుల ప్రాణాలు పోతున్నప్పుడు, వాటిని శుభ్రం చేసే విధం నేర్పే 32 పేజీల కామిక్ పుస్తకం 1968లో గీసిందీ ఆయనే. తుపాకీని ఆడదానితో పోల్చే ఆ చతురు నేటి చదువరికి రుచించదు. నేర్పిన పాఠం మాత్రం నిక్కమైనది.

ఆయన్ను మెచ్చుకునేవారు స్పిరిట్ దగ్గర ఆగి, అక్కణ్ణుంచి నేరుగా 1978కి దూకుతారు. మధ్యలోని పీఎస్ ఇరవై ఏళ్లను పొట్టకూటి పనిగా తీసిపారేస్తారు. ఈ జీపు దానికి ససేమిరా ఒప్పుకోదు. కామిక్ పిల్లల కాలక్షేపం కాదనీ, పెద్దవాళ్లు ప్రాణావసరంగా చదువుతారనీ ఆయనకు రుజువైంది ఈ గ్రీజు పేజీల మీదే.

1978లో వచ్చింది 'ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్'. బ్రాంక్స్‌లోని పేదల అద్దె మేడలో నాలుగు కథలు. మొదటి కథలో పెంపుడు కూతురు చనిపోతే తండ్రి దేవుణ్ణి నిలదీస్తాడు, ఒప్పందం తప్పావంటాడు. ఐస్నర్ కూతురు ఆలిస్ 1970లో లుకేమియాతో పోయింది. పదహారేళ్ల పిల్ల. ఆ దుఃఖమే ఈ కథ అని ఆయన ఏళ్ల తరబడి బయటపెట్టలేదు. ముసుగు వీరులు లేని ఆ పుస్తకం గ్రాఫిక్ నవలకు పెద్దల పుస్తకాల సరసన చోటు వెతికింది. తర్వాత న్యూయార్క్‌లో పాఠాలు చెప్పారు, 1985లో 'కామిక్స్ అండ్ సీక్వెన్షియల్ ఆర్ట్' రాశారు. 1988 నుంచి అమెరికా కామిక్స్ రంగంలో పెద్ద బహుమతి ఆయన పేరు మీదే ఇస్తున్నారు. వియత్నాంలో విన్న సైనికుల గోడు 2000లో 'లాస్ట్ డే ఇన్ వియత్నాం' అయింది.

2005 జనవరి 3న, 87 ఏళ్ల వయసులో ఫ్లోరిడాలో కన్నుమూశారు. చివరిదాకా బొమ్మ గీస్తూనే ఉన్నారు. ఆయన గీసిన కాలపు పీఎస్ సంచికలను వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీ గ్రంథాలయం ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచింది. ఐస్నర్‌ను చదవదలచినవారు ఆ గ్రీజు పేజీలనూ తిరగెయ్యండి.