ఫ్రమ్ బాబాయి గారు

ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒక వాచ్‌మన్, ఒక లిఫ్టు, ఆ లిఫ్టు పనిచెయ్యకపోవడం ఉన్నట్టే ఈమధ్య ఒక ఫ్రమ్ బాబాయి గారు కూడా ఉంటున్నారు. మెయిల్ వచ్చిందని మీరు నోరుజారితే చాలు, నుదుటి మీది కళ్లజోడు ముక్కు మీదికి దిగుతుంది. "ఏదీ, ఫ్రమ్ చూపించు!" లోపలి సంగతి ఆయనకక్కర్లేదు. "ప్రియమైన ఖాతాదారు..." అని చదవబోతే చెయ్యి అడ్డం పెడతారు.

మా బెజవాడ బాబాయి గారు ఆర్‌ఎంఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టరుగా రిటైరయ్యారు. పిన్‌కోడు పుట్టింది 1972లో, తాను ఉద్యోగంలో చేరిందీ ఆ రోజుల్లోనే కాబట్టి తామిద్దరిదీ ఒకే బ్యాచ్ అంటారు. రైలుపెట్టెలో నిలబడి కవర్లను కిందినుంచి చదివిన మనిషి. ముందు పిన్‌కోడు, తర్వాత ఊరు. పేరుతో పని పోస్ట్‌మన్‌కి.

జూలైలో ఎదురింటి టీచరమ్మకి ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ మెయిలొచ్చింది. ఇరవైనాలుగు గంటల్లో లింకు నొక్కకపోతే డబ్బు పోతుందట. ఆవిడ వేలు లేచింది.

"ఆగమ్మాయ్! లింకు మీద కాదు, పైన పేరు మీద నొక్కు."

నొక్కితే పేరు వెనకాల దాక్కున్న అడ్రసు బయటపడింది. ఎట్ గుర్తు తర్వాత ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్, ఆ తర్వాత ఇంకో డాట్, నోరు తిరగని ముక్కొకటి, చివర డాట్ టాప్.

"గవ్ డాట్ ఇన్ ఉందిగా బాబాయి గారూ!"

"ఉంది. మధ్యలో ఉంది. కవరు మధ్యలో బెజవాడ అని రాసి అడుగున దుబాయి అని రాస్తే సంచి ఎటుపోతుందే?"

టీచరమ్మ డబ్బు దక్కింది. మాకు మాత్రం ఆయన్ని ఆపే హక్కు ఆరోజుతో పోయింది. ఇప్పుడు భూతద్దం కూడా కొన్నారు. ఎమ్ అనుకున్నచోట ఆర్, ఎన్ అంటుకుని కూర్చున్నాయని పట్టేస్తారు. రష్యన్ లిపిలో అచ్చం ఇంగ్లిషు ఏ లాంటి అక్షరమే ఉందని, దాన్ని ఏ భూతద్దమూ పట్టలేదని మనవడు చెప్పిన రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు ఆఖరుకల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు చెప్పినప్పుడు, ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అని తెలిసినప్పుడు, లడ్డూలు పంచారు. (వాట్సాప్‌లో కాకరరసం ఫార్వర్డులకు మాత్రం ఈ పరీక్షలేవీ లేవు. అవి పొద్దున్నే ఆయన దగ్గర్నుంచే అందరికీ వస్తాయి.)

అసలు దెబ్బ మనవడే కొట్టాడు. "తాతయ్యా, ఆ ఫ్రమ్‌లో చివరి ముక్కతో సహా ఎవడైనా ఏదైనా రాసుకోవచ్చు." బాబాయి గారు డీలా పడతారనుకున్నాం. "ఆ మాత్రం తెలీదట్రా! ఫ్రమ్ పంపేవాడి చేతిరాత. ముద్ర తపాలావాళ్లది. ముద్ర ఎక్కడుందో చూపించు" అన్నారు. వాడు కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, మూడు చుక్కల కింద 'షో ఒరిజినల్' నొక్కి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పక్కన 'పాస్' అని చూపించాడు. ఆ పాస్‌నైనా చివరి ముక్క ఎవరిదో చూశాకే నమ్మాలట, దొంగ కూడా సొంత అడ్రసుకి మూడు పాసులూ తెచ్చుకోగలడట. బాబాయి గారు డైరీలో రాసుకున్నారు.

అప్పట్నుంచీ కష్టాలు అసోసియేషన్ సెక్రటరీవి. మెయింటెనెన్స్ బకాయి మెయిల్ ఆయన సొంత జీమెయిల్ నుంచి పంపారు. "అసోసియేషన్ పేరు, ప్రైవేటు అడ్రసు! నా చేత డబ్బు కట్టిస్తారా?" అని బాబాయి గారు దాన్ని స్పామ్‌లో పడేశారు. సెక్రటరీ ఉండేది సరిగ్గా పై ఫ్లాట్లో. దిగివచ్చి చెప్పారు. "మీరు మీరే, కాదనను. ఆ మెయిల్ మీరు పంపిందేనని రుజువేంటి?" అన్నారు బాబాయి గారు. విసిగిపోయిన సెక్రటరీ నోటీసు స్పీడ్ పోస్టులో పంపారు.

ముద్రలో తేదీ అలుక్కుపోయిందని బాబాయి గారు దాన్ని తిప్పి పంపారు.