ముందు నూరుడు రాయి కొనండి

ఏటా సంక్రాంతి టోర్నమెంట్లు దగ్గరపడుతుంటే ఇల్లందులో ఎవరో ఒక కుర్రాడు నన్ను వెతుక్కుంటూ వస్తాడు. భుజం మీద ఒక చెక్క, ఫోనులో ఒక వీడియో ఉంటాయి. "అన్నా, బ్యాటు సొంతంగ చెక్కుకుందామనుకుంటున్న. ఏమేం కొనాలె?" అంటాడు. ఏదో ఒక దుకాణంలో అప్పటికే జాబితా రాసిచ్చి ఉంటారు: చిన్న గ్రైండరు, ఉలుల సెట్టు, డజను ఉప్పు కాగితాలు. నేను ఆ జాబితాను తలకిందులు చేసి చెబుతాను. వినేవాళ్లకు మొండివాదంలా తోస్తుంది. అయినా చెప్పక తప్పదు. ఇష్టంగా మొదలుపెట్టి, ఒక చెక్క పాడవగానే పనిముట్లను అటక మీద పడేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. లోపం వాళ్ల చేతుల్లో లేదు, కొన్న వరసలో ఉంది.

1. సగం సొమ్ము పదునుకే పెట్టండి

చేతిలో రెండు వేలుంటే వెయ్యి రూపాయలు పదునుకే పోవాలి. రెండు వైపులా వేరు వేరు గరుకున్న కార్బోరండం రాయి ఒకటి, అంతకన్నా నున్నటి రాయి ఇంకొకటి, పాత బెల్టు తోలు ముక్క. ముందు ఇవి కొనండి. కొత్త రందా, కొత్త ఉలి దుకాణంలో తళతళలాడతాయి గానీ పనికి సిద్ధంగా ఉండవు. వాటి వెనకవైపు మర గీసిన గీతలుంటాయి. ఆ వైపును రాయి మీద చదునుగా రుద్ది, గీతలు పోయాక, ఏటవాలును 25 నుంచి 30 డిగ్రీల మధ్య నూరుకోవాలి. అప్పుడే అంచు నిలుస్తుంది.

పదును ఉందో లేదో చేతి వెంట్రుకల మీద చూడకండి. మెత్తటి చెక్క ముక్క తీసుకుని, దాని కొసను, అంటే నార తెగి కనిపించే వైపును, పలచగా చెక్కండి. తెగిన చోటు నున్నగా మెరిస్తే పదునున్నట్టు. పొడిలా రాలితే మళ్లీ రాయి దగ్గరికి వెళ్లండి.

2. చెక్క మెత్తబడేకొద్దీ పదును పెంచండి

"బ్యాట్లు చేసే విల్లో మెత్తటి చెక్క కదా, ఏ కత్తికైనా తెగుతుంది" అనుకుంటారు. సరిగ్గా ఇక్కడే చెక్క చెడుతుంది. గట్టి చెక్క మొద్దు కత్తిని ఎదిరించి నిలుస్తుంది. మెత్తటి చెక్క అలా నిలవలేదు. నార తెగకుండా నలుగుతుంది, పీచులు లేస్తాయి, గుంటలు పడతాయి. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్కను, కొండపల్లి బొమ్మల తెల్ల పొణికిని చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. చెయ్యి పెట్టి నొక్కితే లొంగే చెక్క అది. అందుకే దాని మీదికి పదును చూసుకోకుండా పోరు.

టేకు దీనికి విరుద్ధం. మొద్దు రందాను కొంత సహిస్తుంది, కానీ దానిలో ఉండే సిలికా అంచును తొందరగా తినేస్తుంది. టేకు మీద పని చేస్తుంటే పదేపదే నూరాలి, విల్లో మీదికి పోయేముందు ఇంకా నున్నగా నూరాలి.

3. చెక్క ఇంటికి వచ్చేదాకా కత్తులు కొనకండి

"ముందు పనిముట్లు పెట్టుకో, చెక్క ఎప్పుడైనా దొరుకుతుంది" అని చెబుతారు. నేను ఒప్పుకోను. రాయి ముందే కొనండి. కత్తిని మాత్రం చెక్కే ఎంచుతుంది.

మన దేశంలో పెరిగే బ్యాటు చెక్క కశ్మీర్ విల్లో. అనంతనాగ్ జిల్లాలో బిజ్‌బెహారా, సంగం చుట్టుపక్కల దాని పని సాగుతుంది. ఆ చెక్క తేలిక కాబట్టి వెనక వెన్నును ఎత్తుగా వదలవచ్చు. ఎత్తైన వెన్ను, రెండు పక్కలా జారుడు ఉన్న ఆకారానికి రెండు పిడుల కత్తి కావాలి. వంపుల్లోకి దూరే చిన్న రందా, అంటే స్పోక్‌షేవ్, కావాలి.

మన దగ్గర సా మిల్లులో దొరికే చెక్క వేరు. టేకు విల్లోకంటే ఒకటిన్నర రెట్లు బరువు. నల్లమద్ది ఇంకా బరువు. అంత మందంగా చేస్తే బ్యాటు ఎత్తలేరు. పలచగా, బల్లపరుపుగా చెయ్యక తప్పదు. అలాంటి బ్యాటుకు మంచి రందా, పళ్లున్న చెక్క ఆకురాయి చాలు. రెండు పిడుల కత్తి నల్లమద్ది మీద నార ఎదురు తిరిగిన చోటల్లా పెళ్లలు లేపుతుంది. సారపాక కాగితం మిల్లు పుణ్యమా అని మన చుట్టూ జామాయిల్ తోటలు ఉన్నాయి, ఆ దుంగ చవగ్గా దొరుకుతుంది. దాన్ని బ్యాటుకు తీసుకోకండి. ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, కొసలు చీలుతాయి.

చెక్క ఎక్కడిదైనా రసీదుతో కొనండి. అడవిలో పడి ఉన్న టేకు మొద్దు కూడా అడవిదే. ఆట కోసం ఎవరి మీదా కేసు పడకూడదు.

4. తుప్పు పట్టినదాన్ని ఎంచుకోండి

కొత్తదానికి పెట్టే డబ్బుతో పాత సామాను దగ్గర రెండు మంచి పనిముట్లు వస్తాయి. ఎర్రటి తుప్పు పైపైనే ఉంటుంది, రుద్దితే పోతుంది. భయపడాల్సినవి మూడు. అంచు దగ్గర వెనకవైపు తుప్పు తిన్న గుంటలుంటే వదిలేయండి, ఆ అంచు ఎప్పటికీ గీతలు పెడుతుంది. అంచు నీలంగా మారి ఉంటే ఎవరో గ్రైండరు మీద కాల్చారన్నమాట. ఆ నీలం ఉన్నంత మేర ఉక్కు మెత్తబడి ఉంటుంది. మూడోది పగులు. దాన్ని పట్టుకునే తీరు చివర్లో చెబుతాను.

పిడి బాగోలేదని వదులుకోకండి. పిడిని మీ చేతి కొలతకు మీరే చెక్కుకోండి. అదే మీ మొదటి పాఠం.

5. రెండు పిడుల కత్తిని కమ్మరి కొలిమిలో చేయించండి

ఈ కత్తి మన దుకాణాల్లో అరుదు. ఆన్‌లైన్‌లో తెప్పించమంటారు. నా సలహా వేరు: పాత లారీ కమాను పట్టీ ముక్క తీసుకుని కమ్మరి దగ్గర కూర్చోండి. పది అంగుళాల అంచు, ఒకే వైపు ఏటవాలు, రెండు చివరలా వెనక్కి వంచిన పిడులు. ఒక్క మాట మాత్రం గుర్తు పెట్టుకుని చెప్పండి: "నీళ్లల్ల ముంచకండి బాబాయ్, నూనెల ముంచండి." కమాను ఉక్కు ఎర్రగా కాలినప్పుడు నీళ్లలో పడితే పగలవచ్చు. తర్వాత మెల్లగా కాచి, ఎండు గడ్డి రంగు తిరగ్గానే ఆపాలి. అప్పుడు అంచు పెళుసుగానూ ఉండదు, మెత్తగానూ ఉండదు.

కొలిమి దగ్గర కూర్చుని చేయించుకున్న పనిముట్టు పాడైతే ఎవరిని అడగాలో మీకు తెలుస్తుంది.

6. పెద్ద పనిముట్టుతోనే ఎక్కువసేపు ఉండండి

కొత్తవాళ్లను ఆకురాయితో మొదలుపెట్టమంటారు, చెక్క పోదు కదా అని. గంటలు గడుస్తాయి, ఆకారం రాదు, చెయ్యి అలసి కోపం వస్తుంది, ఆ కోపంలోనే తప్పు జరుగుతుంది. బాడిసెతో మొదలుపెట్టండి. గీసిన గీతకు వేలెడు దూరం వరకు బాడిసె, బియ్యపు గింజ మందం మిగిలేదాకా రెండు పిడుల కత్తి, ఆ తర్వాత రందా. నున్నదనానికి పగిలిన గాజు ముక్క అంచుతో గీకండి, మన వడ్రంగులు చేసినట్టే. గాజుకు గుడ్డ చుట్టి పట్టుకోండి.

బాడిసె విషయంలో పాతవాళ్లను చూసి ఒక్కటి నేర్చుకోకండి: చెక్కను పాదాల మధ్య పట్టుకోవడం. వాళ్లకు చిన్నప్పటి నుంచి వచ్చిన లెక్క అది. మీరు మొద్దు మీద పెట్టి, పాదాలు వెనక్కి తీసి కొట్టండి.

ఏ పనిముట్టయినా ఎత్తు నుంచి పల్లానికి నడవాలి. వెన్ను ఉబ్బు దగ్గర మొదలై ఒకసారి అడుగు వైపు, ఒకసారి భుజాల వైపు. పల్లం నుంచి ఎత్తుకు నడిపితే నార లేస్తుంది.

7. ఉప్పు కాగితం, గ్రైండరు కొనకండి

ఉప్పు కాగితం తప్పుల్ని కప్పుతుంది. పైగా దాని రవ్వలు చెక్కలో ఇరుక్కుంటాయి. మళ్లీ రందా పట్టాల్సి వస్తే మీరు కష్టపడి నూరిన అంచును ఆ రవ్వలు కొరికేస్తాయి. బ్యాటు పూర్తయి, ఇక కత్తి తాకదు అనుకున్న రోజున రెండు కాగితాలు తెచ్చుకోండి.

గ్రైండరుకు పళ్ల చక్రం బిగించి చెక్కేవాళ్లున్నారు. అది చెక్కలో ఇరుక్కుని ఎగిరిందంటే మీ చెయ్యి దానికంటే వేగంగా కదలదు. చేతి పనిముట్టు తప్పు చేస్తే ఒక పొర పోతుంది. ఇది తప్పు చేస్తే వేలే పోతుంది. ఈ మాటలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

8. బంతి తగిలే ముఖాన్ని ముట్టుకోకండి

అందరూ ముఖాన్ని నున్నగా చెయ్యడంతో మొదలుపెడతారు. ప్రెస్ చేసిన విల్లో చెక్క కొన్నట్టయితే అది పెద్ద పొరపాటు. రోలరు కింద నొక్కి గట్టిపరచిన పొర ఆ ముఖం మీదే ఉంటుంది. రందా పడితే ఆ పొర పలచబడి, కింద ఉన్న మెత్తటి చెక్క దగ్గరికి వచ్చేస్తుంది. బరువు తగ్గించాలన్నా, ఆకారం మార్చాలన్నా వెనకవైపే చెక్కండి. చెక్కేముందు అడుగు కొస చూడండి. ఏడాది గీతలు ముఖానికి నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉన్న చెక్కను పిడి చెయ్యడానికో, చెయ్యి తిప్పడం నేర్చుకోవడానికో వాడండి.

9. టేపు కంటే ముందు చట్రం చేసుకోండి

1771లో ఇంగ్లండులో హాంబుల్డన్ జట్టు మీద ఒక ఆటగాడు వికెట్లంత వెడల్పున్న బ్యాటు పట్టుకుని దిగాడు. దాని తర్వాతే వెడల్పు 4¼ అంగుళాలు దాటకూడదని రాసుకున్నారు. హాంబుల్డన్‌వాళ్లు బ్యాటు దూర్చి చూడటానికి ఇనుప చట్రం కూడా చేయించుకున్నారు. ఆ హద్దు ఇవాళ్టికీ అదే. పొడవు 38 అంగుళాలు మించకూడదు. 2017 అక్టోబరు నుంచి మందం 67 మిల్లీమీటర్లు, అంచు 40 మిల్లీమీటర్లు మించకూడదన్న హద్దు కూడా వచ్చింది.

టేపు ఒకచోట కొలుస్తుంది, చట్రం బ్యాటంతా జారుతూ చూస్తుంది. ప్లైవుడ్ ముక్కలో ఈ కొలతల రంధ్రం కోసుకోండి. మీకు నచ్చిన బ్యాటు వెనకభాగానికి ఐదు చోట్ల అట్ట నమూనాలు కత్తిరించుకోండి. ఇవే మీ కొలత పనిముట్లు.

10. పనిముట్టును చెవితో ఎంచుకోండి

మా పెదనాన్న భూగర్భ గనిలో టింబర్‌మన్, పైకప్పు కింద కర్ర దిమ్మెలు నిలిపేవాడు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇక్కడ బొగ్గు ఉందని కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది. అప్పటి నుంచి ఈ ఊళ్లో కర్ర మీద ఆధారపడి బతికినవాళ్లు ఎందరో. గని పైకప్పు కింద నిలిపిన దిమ్మె విరిగేముందు కిరకిరమంటుంది. ఆ చప్పుడు విని బయటికి నడిచినవాళ్లు బతికారు. ఇంటికొచ్చాక కూడా ఆయన ఏ చెక్కనైనా, ఏ గొడ్డలినైనా ముందు వేలితో కొట్టి వినేవాడు. "కంటికి అబద్ధం చెప్తది బిడ్డా, చెవికి చెప్పదు" అనేవాడు.

పాత కత్తి కొనేటప్పుడు దాన్ని పిడి దగ్గర వేలాడదీసి అంచు కాని చోట గోటితో కొట్టండి. ఖంగుమని మోగితే మంచిది. మూగగా పలికితే ఎక్కడో పగులుంది. రందా నడిచేటప్పుడు సన్నటి ఈల వంటి చప్పుడు రావాలి. గరగరమంటే రెండే కారణాలు: పదును పోయింది, లేదా నారకు ఎదురు పోతున్నారు. చప్పుడు మారిన క్షణమే ఆగండి.

11. మొదటి బ్యాటును కోసేయండి

ఇది వింటే అందరికీ బాధేస్తుంది. మొదటి బ్యాటును ఖరీదైన చెక్కతో చెయ్యకండి. ముందు తాటి మట్ట మీద చెయ్యి తిప్పండి, మనలో చాలామంది మొదటి బ్యాటు అదేగా. ఆ తర్వాత మిల్లులో దొరికే చవక చెక్కతో పూర్తి బ్యాటు చెయ్యండి. పూర్తయ్యాక దానితో ఒక్క బంతి కూడా ఆడకండి. అట్ట నమూనాలు తీసిన ఆ ఐదు చోట్లే రంపంతో అడ్డంగా కోయండి.

ఒక్కో ముక్క కోత ముఖం మీద నమూనా పెట్టి చూడండి. ఒక పక్క పలచన, ఒక పక్క మందం కనిపిస్తుంది. అది మీ కుడిచెయ్యి బలం. నార లేచిన మచ్చ కనిపిస్తుంది. అది మీరు నూరకుండా వాయిదా వేసిన సాయంత్రం. ఇంత నిక్కచ్చిగా ఏ వీడియో మీకు చెప్పదు. ఆ ముక్కల మీద తేదీ రాసి, వరసగా గూట్లో పేర్చుకోండి. పక్కనే నూరుడు రాయి పెట్టుకోండి. విల్లో చెక్క కోసం డబ్బు దాచడం ఆ రోజు మొదలుపెట్టండి.