పట్టా

నేను పట్టాను. సర్కారు ముద్ర వేసి ఇచ్చే ఇంటిస్థలం పట్టాను కాను, వడ్ల మీద కప్పే నీలి ప్లాస్టిక్ పట్టాను. పేరు ఒక్కటే గానీ మా ఇద్దరికీ ఎక్కడా చుట్టరికం లేదు. ఆ పట్టా లేనివాళ్ళ చేతికే నేను చిక్కుతుంటాను.

పొడవు 15 అడుగులు, వెడల్పు 12. ఉస్మాన్‌గంజ్ దుకాణంలో మడతపెట్టి ఉన్న నన్ను పాలమూరు రైతు ఒకాయన కొన్నాడు. రెండు యాసంగులు వడ్లు కాచాను. బోరు ఎండిపోయాక కాచడానికి వడ్లు లేవు. సద్దిమూటతో పాటు నన్నూ బస్సెక్కించారు. అలా నాంపల్లి స్టేషను దగ్గర ఫుట్‌పాత్ చేరాను. గోడకు రెండు మేకులు, ముందు రెండు కర్రలు, నా రింగుల్లోంచి సుతిలి తాడు. ఇల్లు అయిపోయింది. కింద అవ్వ, నన్ను కొన్న ఆమె కొడుకు, కోడలు, నాలుగేళ్ళ చిన్నది.

నైట్ షెల్టర్లున్నాయి కదా అంటారు. ఢిల్లీ చలికి రోడ్డు మీది జనం చనిపోతుంటే 2010లో సుప్రీంకోర్టు కలగజేసుకుని, లక్ష జనాభాకు ఒకటి చొప్పున పెట్టమంది. 2011 లెక్కల్లో ఈ నగర జనాభా 67 లక్షలు. 67 కాదు, అందులో సగం కూడా నా కంటపడలేదు. మనిషికి 50 చదరపు అడుగులు ఉండాలని కేంద్రం నిబంధన. అప్పట్లో నేను నలుగురికీ తలా 45 ఇచ్చేదాన్ని. అయిదడుగులు తక్కువ, అంతే.

ఒకరోజు కోడలు వెళ్ళి చూసొచ్చింది. మగవాళ్ళకు ఒకచోట, ఆడవాళ్ళకు ఇంకోచోట.

"నీ కొడుకు ఆడ, మనం ఈడ పండాల్నట అత్తా."

"తలో దిక్కు పండి, పొద్దుగాల అందరం అడ్డా మీద నిలబడకుంటే కైకిలి ఎవడిస్తడే?" అంది అవ్వ. షెల్టరు ముచ్చట మళ్ళీ రాలేదు.

2017 నవంబరు వచ్చింది. 28 నుంచి మూడు రోజులు మాదాపూర్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు, ఇవాంకా ట్రంప్ వస్తోంది. రోడ్లకు తారు, గోడలకు రంగులు. మనుషులకు మాత్రం 144 సెక్షన్: నగరంలో రెండు నెలలు భిక్షాటన నిషేధం. బిచ్చగాళ్ళను పట్టుకెళ్ళి చంచల్‌గూడ జైలు ఆవరణలో ఉంచారు. ఆ చోటి పేరు ఆనందాశ్రమం. పేరు పెట్టిందెవరో గానీ హాస్యం తెలిసినవారే.

అవ్వకు ఇది కొత్త కాదు. 2000లో ఇక్కడ మట్టిపని చేసేదట. "క్లింటన్ అచ్చినప్పుడు గూడ గిట్లనే జేసిన్రు" అంది.

ఒక పొద్దున వ్యాను ఆగింది. కొడుకు జ్వరంతో నా కింద పడుకుని ఉన్నాడు. "అడుక్కతినేటోళ్ళం గాదు సారూ, కైకిలోళ్ళం" అని కోడలు కాళ్ళావేళ్ళా పడింది. పడుకున్నవాడు పనివాడో బిచ్చగాడో చూసే తీరిక ఆ పూట ఎవరికుంది? అతణ్ణి ఎక్కించుకుపోయారు. వెనకే వచ్చిన లారీవాళ్ళు నా ఒక అంచు పట్టారు, అవ్వ ఇంకో అంచు పట్టింది. నడిమికి చినిగాను. లారీలో పోయిన సగం ఏమైందో! మీతో మాట్లాడుతున్నది అవ్వ వదలని సగం.

వారానికి కొడుకు తిరిగొచ్చాడు. ఇకమీద బిచ్చమెత్తనని కాగితం మీద వేలిముద్ర వేసి బయటపడ్డాడట. ఎన్నడూ ఎవరి ముందూ చెయ్యి చాపనివాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

సదస్సు ముగిశాక విప్పి పారేసిన స్వాగతం ఫ్లెక్సీ ఒకటి ఏరుకొచ్చి, దబ్బనంతో నాకు కలిపి కుట్టాడు. బొమ్మలు రోడ్డు వైపుంటే మళ్ళీ ఎవరి కంట పడతామోనని అవ్వ భయం. అందుకని తెల్లవైపు బయటికి పెట్టారు. నమస్కారం పెడుతున్న చేతులు లోపలికి వచ్చాయి. చిన్నది రోజూ వెల్లకిలా పడుకుని వాటిని చూస్తూ నిద్రపోతోంది.