కెప్టెన్ ఉపదేశం: టీకా తాత్పర్య సహితం

మూలం: "అందరూ ముందే ఉండాలి. గాలికి వంతులేసుకోవాలి. ఎవరి గెలుపూ ముఖ్యం కాదు, టీమే ముఖ్యం. చివరి 200 మీటర్లలో నన్ను వదలండి."

అవతారిక: ఔత్సాహికుల రోడ్డు సైకిల్ రేసుల్లో, బయలుదేరే గీత దగ్గర, ఇంకా పూర్తిగా తెల్లవారకముందు వినిపించే గద్యమిది. కర్త జట్టు కెప్టెన్. జట్టుకో కెప్టెన్ ఉన్నా గ్రంథం అన్నిచోట్లా ఒకటే కాబట్టి ఇది అపౌరుషేయమని వాదించేవారికీ ఆధారం లేకపోలేదు. శ్రోతలు ఆరుగురు. సాఫ్ట్‌వేర్ వాళ్లు, బ్యాంకు వాళ్లు, ఒక పళ్ల డాక్టరు. అందరిదీ ఒకే రంగు జెర్సీ. ఎవరి ఎంట్రీ ఫీజు వాళ్లే కట్టుకున్నారు. ఈ ఫీజు సంగతి మూడో వాక్యం దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మెదక్ సీమ. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ప్రస్తుత టీక మొదటి సగాన్నే పాటిస్తుంది.

పాఠాంతరం: కొన్ని జట్లలో "నన్ను వదలండి" అన్నచోట "నన్ను కాపాడండి" అని వినబడుతుంది. అర్థభేదం లేదు.

"అందరూ ముందే ఉండాలి": వాక్యానికి అర్థం కుదరాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలంటారు తార్కికులు. "నిప్పుతో తడుపుతున్నాడు" అంటే వ్యాకరణం సరిపోయినా యోగ్యత లేదు, తడిపే గుణం నిప్పుకు లేదు కనుక. కెప్టెన్ మొదటి వాక్యమూ ఆ కోవలోదే. రోడ్డు వెడల్పు నలుగురికి చాలేచోట రేసులోని అరవై మందీ ముందుండడం జరగదు. కనుక లక్షణావృత్తి చేత "మొదటి పదిహేను మందిలో ఉండాలి" అని చెప్పుకోవాలి. అలా చెప్పుకుంటే మాత్రం ఇది బంగారం లాంటి సలహా. మలుపు దగ్గర మొదటివాడు వేగం కొంచెం తగ్గిస్తాడు, ఇరవయ్యోవాడు బ్రేకు పట్టుకుంటాడు, యాభయ్యోవాడు దాదాపు ఆగిపోయి, మలుపు తిరిగాక పెడళ్ల మీద లేచి నిలబడి ప్రాణం పెట్టి తొక్కితే గానీ గుంపు అందదు. పది మలుపులకు పదిసార్లూ ఇదే శిక్ష. ముందెవడైనా పడితే వెనకవాళ్లంతా అతని మీదే పడతారు. గుంపులోంచి ఎవడు తప్పించుకుపోయాడో వెనకవాడికి తెలిసేసరికి ఆ పోయినవాడు కనుచూపు మేరలో ఉండడు. ఇంత కారణం ఉన్న మాటకు కెప్టెన్ ఒక్క కారణమూ చెప్పడు. అరవడమే చాలనుకుంటాడు.

"గాలికి వంతులేసుకోవాలి": గ్రంథానికి ప్రాణం ఈ వాక్యం. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది, దాన్ని చీల్చుకుపోయే శక్తి ఘనంగా పెరగాలి. గంటకు 30 కిలోమీటర్ల నుంచి 40కి వెళితే వేగం పెరిగింది మూడోవంతే, గాలికి కట్టే కప్పం మాత్రం రెండింతలు దాటిపోతుంది. ముందున్నవాడి వెనక చక్రానికి జానెడు దూరంలో తన ముందు చక్రం నిలిపినవాడికి అందులో సుమారు మూడోవంతు మాఫీ. తార్కికులు చెప్పిన సన్నిధికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2018లో బ్లోకెన్ అనే శాస్త్రజ్ఞుడి బృందం 121 మంది సైకిలిస్టుల గుంపు నమూనాను పరీక్షించి, గుంపు నడిబొడ్డున ఉన్నవాడి మీద పడే నిరోధం ఒంటరిగా తొక్కేవాడి మీద పడేదాంట్లో 5 నుంచి 10 శాతమేనని తేల్చింది. ఇంకో చిత్రం. వెనక ఒకడు అంటుకుని ఉంటే ముందున్నవాడికి కూడా రెండు మూడు శాతం కలిసొస్తుంది. అతని వెనక ఏర్పడే గాలి సుడి కొంత పూడిపోవడం దీనికి కారణం. పరస్పరోపకారానికి ప్రకృతిలోనే ప్రమాణం ఉందన్నమాట, అయితే వాటాలు మాత్రం సమానం కావు.

వంతు అంటే ఇది. ముందున్నవాడు అర నిమిషమో నిమిషమో గాలికి ఎదురు తొక్కి, పక్కకు జరిగి, నెమ్మదించి, వరస చివర చేరతాడు. రెండోవాడు అదే వేగంతో ముందుకొస్తాడు. "అదే వేగంతో" అన్న మాటను మూలకర్త విస్మరించాడు. ఫలితం ప్రతి ఆదివారం చూడవచ్చు. వంతు రాగానే కొత్తవాడు హ్యాండిల్ మీది మీటరు చూసుకుని వేగం ఓ మూడు కిలోమీటర్లు పెంచుతాడు, తనలో ఎంత దమ్ముందో లోకానికి తెలియాలి కదా. ఇప్పుడే లాగి అలసి వరస చివర చేరబోతున్నవాడికి ఆఖరి చక్రం అందదు. జట్టును చెదరగొట్టడానికి ప్రత్యర్థులు పడాల్సిన శ్రమ సొంత మనిషే పడ్డాడు.

పక్కగాలి వీచినప్పుడు కథ మారుతుంది. గాలి ఎడమ నుంచి వస్తే వెనకవాడి చోటు ముందున్నవాడికి సరిగ్గా వెనక కాదు, వెనకా కుడిపక్కా. వరస రోడ్డుకు అడ్డంగా ఏటవాలుగా పరుచుకుంటుంది. లాగి వెనక్కి మళ్లేవాళ్లు గాలి వచ్చే వైపు నుంచే మళ్లాలి, అప్పుడు ముందుకెళ్లేవాళ్లకు వాళ్లే చాటు. రోడ్డు వెడల్పు అయిపోయాక మిగిలినవాళ్లు అంచున ఒకడి వెనక ఒకడు వేలాడుతూ, చాటు దొరక్క, ఒక్కొక్కడే తెగిపోతారు. బెల్జియంలో, హాలండులో దీన్ని ఆసరా చేసుకునే రేసులు గెలుస్తారు. బండ్లు తిరిగే మన సర్వీసు రోడ్ల మీద ఏటవాలు వరస అంటే లారీకి ఎదురెళ్లడమే. కనుక ఆ విద్య ఇక్కడ ఉపన్యాసాల్లోనే సురక్షితం.

వంతు వచ్చిందని చెప్పడానికి నోరు అక్కర్లేదు, మోచేయి ఆడిస్తే చాలు. ముందున్న పళ్ల డాక్టరు కుడి మోచేయి ఒకసారి ఆడిస్తాడు. వెనకున్న కెప్టెన్ సరిగ్గా అప్పుడే నీళ్ల సీసా అందుకుని మూత పళ్లతో లాగుతాడు. మోచేయి మళ్లీ ఆడుతుంది. కెప్టెన్‌కు ఈసారి గేరు సరిచేసుకోవాల్సి వస్తుంది. మూడోసారి డాక్టరే పక్కకు తప్పుకుంటాడు, కెప్టెన్ కూడా అతనితోపాటే పక్కకు తప్పుకుంటాడు.

"ఎవరి గెలుపూ ముఖ్యం కాదు, టీమే ముఖ్యం": ఇక్కడ ఛత్రిన్యాయం. గుంపులో ఒకడి చేతిలో గొడుగుంటే "గొడుగులవాళ్లు పోతున్నారు" అంటారు. ఒకడు గెలిస్తే "మనం గెలిచాం" అనడమూ అలాంటిదే. చినుకు పడ్డాక మాత్రం తేడా తెలుస్తుంది.

త్యాగం మాట వచ్చింది కనుక 1934 టూర్ దె ఫ్రాన్స్‌ను ఉదాహరించక తప్పదు. రెనె వియెట్టోకు అప్పుడు ఇరవయ్యేళ్లు. కొండల్లో అతన్ని మించినవాడు లేడు. ఫ్రాన్స్ జట్టు నాయకుడు ఆంటొనాన్ మాన్య. పైరెనీస్ కొండల దిగుడులో మాన్య చక్రం విరిగితే వియెట్టో తన ముందు చక్రం ఊడదీసి ఇచ్చేశాడు. సాయం చేసే బండి వచ్చేదాకా రోడ్డు పక్క రాతిగోడ మీద కూర్చుని ఏడ్చాడు, ఆ ఫొటో లోకమంతా తిరిగింది. మర్నాడు మాన్యకు మళ్లీ ఇబ్బంది వచ్చిందని తెలిసి, వెళ్లిన దారినే వెనక్కి తిరిగి కొండెక్కి మరీ సాయపడ్డాడు. ఆ ఏడు టూర్ మాన్యది. వియెట్టోకు ఐదో స్థానం, కొండల రారాజు బిరుదు.

ఈ గోడ దృశ్యంలో రసమేది? కరుణమని తొందరపడేవారు అంటారు. ఆలంబనం విరిగిన చక్రం, ఉద్దీపనం ఎంతకీ రాని బండి, అనుభావం కన్నీరు. కానీ స్థాయి శోకమేనా? ఇచ్చినవాడు ఒకసారి ఇచ్చి ఊరుకోలేదు, మర్నాడు మళ్లీ ఇచ్చాడు. కాబట్టి స్థాయి ఉత్సాహం, రసం దానవీరం అని ఇంకో పక్షం. అలాగైతే ఆ ఏడుపు మాటేమిటని పూర్వపక్షి. అశ్రువు సాత్త్విక భావం, అది ఏ రసంలోనైనా రావచ్చునని సమాధానం. కర్ణుడు కవచం కోసి ఇచ్చినప్పుడు ఏడవలేదుగా అని మళ్లీ శంక. కర్ణుడికి బదులుగా శక్తి అనే ఆయుధం దొరికింది, వియెట్టోకు ఆ గోడ మీద దొరికింది నిరీక్షణ ఒక్కటే, పైగా కర్ణుడికి ఆనాడు గడియారంతో పోటీ లేదు. కనుక ముందు దానవీరం, బండి ఆలస్యమైన కొద్దీ కరుణం. దీన్ని భావసంధి అన్నా తప్పులేదు.

ఇక ప్రకృతం. వియెట్టో ఉదాహరణను కెప్టెన్లు ప్రతి మీటింగులో వాడతారు, మాన్య పాత్ర తమకు ఉంచుకుని. వృత్తి రేసుల్లో నాయకుడి కోసం గాలికి ఎదురు తొక్కేవాడికి జీతం ఉంది. టూర్ గెలిచినవాడు బహుమతి సొమ్ము జట్టుకు పంచే ఆచారమూ ఉంది. ఇక్కడ గాలి తిన్నవాడు ఎంట్రీ ఫీజు తానే కట్టాడు, టైరు తానే కొన్నాడు, బస్సు మీద సైకిల్ వేసుకుని సొంత ఖర్చుతో వచ్చాడు. బహుమతి సొమ్ము కవరు ఒకరి జేబులోకి, గ్రూప్ ఫొటో అందరికీ. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి ఏడాదంతా దక్కేది "సూపర్ పుల్ బ్రో" అన్న మాట ఒక్కటే. వృత్తివాళ్ల మాటలు అరువు తెచ్చుకుని వాళ్ల లెక్కలు మాత్రం అక్కడే వదిలేసి రావడం న్యాయం కాదు. ఇది హాస్యానికి చెప్పింది కాదు.

ప్రత్యుదాహరణం: 2021 జులై 25, టోక్యో ఒలింపిక్స్, మహిళల రోడ్డు రేసు, 137 కిలోమీటర్లు. ఆస్ట్రియా నుంచి ఒక్కతే వచ్చింది ఆనా కీసెన్‌హోఫర్. గణితంలో డాక్టరేట్, ఏ వృత్తి జట్టుతోనూ ఒప్పందం లేదు. బయలుదేరుతూనే ఇంకో నలుగురితో కలిసి గుంపును వదిలి ముందుకు పోయింది. ఆ ఐదుగురిదీ ఐదు దేశాలు, ఐదు రంగుల జెర్సీలు, అయినా గాలికి వంతులు పంచుకున్నారు. చివర్లో సుమారు 40 కిలోమీటర్లు ఆమె ఒంటరిగానే తొక్కింది. వెనక గుంపులో నెదర్లాండ్స్ జట్టుకు నలుగురు, నలుగురూ దిగ్గజాలే. ఒలింపిక్స్‌లో చెవిలో రేడియో ఉండదు. దారిలో తెగిపోయిన ఇద్దరిని పట్టుకున్నాక ఇక ముందెవరూ లేరనుకున్నారు. ఆనెమిక్ వాన్ వ్లూటెన్ చేతులెత్తి గీత దాటేసరికి బంగారు పతకం తేలిపోయి 1 నిమిషం 15 సెకన్లయింది. వంతును బట్టి జట్టు ఏర్పడుతుంది గానీ జెర్సీని బట్టి కాదని ఇందువల్ల సిద్ధాంతం.

"చివరి 200 మీటర్లలో నన్ను వదలండి": ఒకడి వెనక ఒకడుగా ముగ్గురు నలుగురు వేగం పెంచుతూ పోయి, ఒక్కొక్కడే తప్పుకుని, చివరివాణ్ణి గీత ముందు గాలిలోకి విడిచే విద్య ఇది. గంటకు 50 దాటిన వేగంలో, అందరికన్నా చురుకైనవాడు చివర ఉంటేనే పనిచేస్తుంది. ఎవడు చురుకో రోజును బట్టి, రోడ్డును బట్టి మారుతుంది. ఏటవాలు ముగింపుకు ఒకడు, చదును ముగింపుకు ఇంకొకడు. మూలంలో మాత్రం మారనిది "నన్ను" ఒక్కటే. ఇది లేఖక ప్రమాదమని టీకాకారుడి నిశ్చయం. అక్కడ ఖాళీ ఉంచి, రేసుకో పేరు రాసుకోవాలి, కెప్టెన్ పేరు కూడా తన వంతులోనే రావాలి. కవరు అదే రోజు, టీకొట్టు దగ్గర, గాలికి ఎదురు తొక్కినవాళ్లందరి ముందూ విప్పాలి. ఈ సవరణకు కెప్టెన్ ఒప్పుకోకపోతే వచ్చే ఆదివారం మిగతా ఆరుగురూ అతని వెనకే ఉండండి, మోచేయి ఎన్నిసార్లు ఆడించినా సరే.