గుక్క తిప్పుకోని హెచ్చరిక

మన టీవీల్లో తెర వెనక గొంతుకి రెండే వేగాలు. చెప్పడానికి ఏమీ లేనప్పుడు ఒకటి, చెప్పాల్సింది ఉన్నప్పుడు ఇంకొకటి.

మొదటిది వినాలంటే రాత్రిపూట ఏ క్రైమ్ ప్రోగ్రామైనా పెట్టండి. "ప్రశాంతమైన పల్లె... పచ్చని పొలాలు... ఎవరి పనుల్లో వాళ్లు... కానీ... ఆ రాత్రి..." అని ఆగుతాడు. ఎందుకాగాడో మనకు తెలియదు, ఆయనకీ తెలియదు. స్క్రిప్టులో మూడు చుక్కలున్నాయి, అంతే. హంతకుడెవరో ఈలోపు కింద స్క్రోలింగులో నాలుగుసార్లు వెళ్లిపోయింది. "తలుపు... తీసే ఉంది!" తీసి ఉన్న తలుపు మనకీ కనబడుతూనే ఉంది, దాని చుట్టూ ఎర్ర గీతతో గుండ్రం కూడా చుట్టారు. "అసలు ఆ ఇంట్లో ఏం జరిగింది? చిన్న బ్రేక్ తర్వాత."

రెండో వేగం ఆ బ్రేకులోనే ఉంటుంది. మ్యూచువల్ ఫండ్ ప్రకటన. పాప చదువు, అమ్మాయి పెళ్లి, నాన్నగారి రిటైర్మెంటు, కొబ్బరిచెట్ల మధ్య సొంతిల్లు. ఇదంతా చెప్పే గొంతులో తేనె కారుతుంది. ప్రతి కలకీ ఒక నిట్టూర్పంత చోటు. ఆఖర్న ఉన్నట్టుండి ఇంకో మనిషెవరో దూరతాడు: "మ్యూచువల్‌ఫండ్‌పెట్టుబడులుమార్కెట్‌రిస్కులకులోబడిఉంటాయిపథకపత్రాలన్నీజాగ్రత్తగాచదవండి." ఇంకో మండపంలో ముహూర్తం దాటిపోతున్న పంతులుగారు కూడా మంత్రాలు ఇంత తొందరగా ముగించరు. పైగా ఆయన చెప్పేది జాగ్రత్తగా చదవమని!

దీనికి కొలత లేకపోలేదు. ఇంగ్లీషు హెచ్చరికలో ఉన్న మాటలు సరిగ్గా 14. వాటిని పలకడానికి కనీసం 5 సెకన్లు తీసుకుంటే స్పష్టంగా చెప్పినట్టే అని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ లెక్క కట్టింది. జీవితకాలం కూడబెట్టిన డబ్బుకి 5 సెకన్లు. టీవీలో ప్రకటన సమయం 10 సెకన్ల లెక్కన అమ్ముడవుతుంది మరి. అందులో సగం నిజానికి ఇవ్వడమంటే ఏ వ్యాపారికి ప్రాణం ఒప్పుతుంది?

గొంతిచ్చిన మనిషిని తిట్టి లాభం లేదు. స్టూడియోలో ఆయన మనిషిలాగే చదువుతాడు. తర్వాత మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చిన చోటల్లా కత్తిరిస్తారు. అప్పటికీ పట్టకపోతే కంప్యూటర్లో వేగం పెంచుతారు. ఊపిరి తీయకుండా మాట్లాడే జాతి ఒకటి మన ప్రకటనల్లో అలా పుట్టింది.

ఇంతకన్నా ముచ్చటైనవి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలు. ఈ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అయినా క్రికెట్ మ్యాచ్ పెడితే చాలు, ఓవర్ల మధ్య అవే మోగేవి. కోటి గెలుచుకోమని తారలు తీరిగ్గా, నవ్వుతూ పిలిచేవాళ్లు. ఆట వ్యసనమవుతుందన్న మాటా, ఏయే రాష్ట్రాలవాళ్లు ఆడకూడదన్న జాబితా ఒక్క గుక్కలో కొట్టుకుపోయేవి. ఆ జాబితాలో మన రెండు రాష్ట్రాలూ ఉండేవి. అంటే మన వరండాలోకొచ్చి, మనల్ని ఊరించి, వెళ్లేటప్పుడు గొణుగుతూ "మీకు కాదు లెండి" అనడం. ఈ హెచ్చరికని మామూలుగా మాట్లాడే వేగంతోనే చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2020 డిసెంబరు నుంచే అమలయ్యేలా నియమం పెట్టింది. ఎవరి మామూలు అన్నది రాయలేదేమో! చివరికి 2025లో కేంద్రమే చట్టం చేసి ఆ ఆటల్నీ, వాటి ప్రకటనల్నీ కూడా నిషేధించాల్సి వచ్చింది.

నెమ్మదిగా చెబితే జనం విసుక్కుంటారంటారు ప్రకటనలవాళ్లు. సినిమాహాల్లో వినండి. 2012 అక్టోబరు 2 నుంచి సిగరెట్ సీన్లున్న సినిమాకి ముందూ, మధ్యలోనూ పొగాకు వ్యతిరేక ప్రకటన కనీసం 30 సెకన్లు పడాల్సిందే. ఆ గొంతుకి తొందరే లేదు. ఒకప్పుడు "ఈ నగరానికి ఏమైంది" అని మొదలుపెడితే హాలంతా అందుకునేది. పిల్లలకి ఎక్కాలు రాకపోయినా అది వచ్చేది. 2018లో ఏకంగా ఒక సినిమాకే పేరైంది. విసుక్కున్నారు, నిజమే. కానీ మాట అర్థం కాలేదన్నవాడు లేడు. కారణం ఒకటే. ఆ హెచ్చరికని సిగరెట్ అమ్మేవాడి చేత రికార్డు చేయించలేదు.

కాబట్టి సెబీవారికి ఒక మనవి. హెచ్చరిక మీరే ఒకసారి రికార్డు చేయించి అన్ని ఫండ్‌లకీ పంచండి. గొంతు కోసం వెతుక్కోనక్కర్లేదు, క్రైమ్ ప్రోగ్రామాయన ఉన్నాడు. "మీ పెట్టుబడులు... మార్కెట్ రిస్కులకు... లోబడి... ఉంటాయి!" అని ఆయన ఒక్కసారి అంటే చాలు, జనం పత్రాలు చదవడమే కాదు, తలుపులు కూడా వేసుకుంటారు. ప్రకటనల గొంతుని క్రైమ్ ప్రోగ్రాముకి పంపితే, అరగంట కథ 5 సెకన్లలో తేలిపోయి ఇంటిల్లిపాదీ వేళకి నిద్రపోవచ్చు.

అంతదాకా వినేవాళ్లు చేయగలిగిందీ ఒకటుంది. తప్పుదోవ పట్టించే ప్రకటన మీద ప్రకటనల ప్రమాణాల మండలికి మామూలు మనిషెవరైనా పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. హెచ్చరిక వినబడకుండా పరిగెత్తించారని కూడా రాయవచ్చు. నింపాదిగా రాయండి.