చీటీ పాట: ఓపికకు కట్టే ధర

చీటీ అంటే ఓపిక ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే గదిలో కూర్చుని నెలనెలా బేరమాడుకునే ఏర్పాటు. ఇరవై మంది తలా 5,000 రూపాయల చొప్పున 20 నెలలు కడితే అది లక్ష రూపాయల చీటీ. ఏ నెల ఎవరు ఎత్తుకోవాలన్నది పాటలో తేలుతుంది. ఎక్కువ వదులుకున్నవారిదే పాట. 25,000 వదులుకుని 75,000 పట్టుకెళ్లినవాడి ఇంట్లో ఆ వారమే టేకు మంచం దిగుతుంది. వదిలిన సొమ్ములో నిర్వాహకుడి కమీషన్ 5,000 పోగా మిగిలిన 20,000 అందరికీ పంచితే తలకు వెయ్యి. అంటే ఆ నెల 4,000 కడితే చాలు. ఈ వెయ్యి పాడినవాడికీ వస్తుంది. తాను వదిలిన దాంట్లోంచే తిరిగొచ్చిన ఆ వెయ్యిని లాభం కింద రాసుకునేవాళ్లూ ఉన్నారు.

పాట మొదటి నెలల్లో వేడిగా సాగుతుంది. బడి ఫీజుల జూన్ వస్తే మరీను. గెలిచినవారు జామీనుదారులను చూసుకోవాలి కాబట్టి, సర్కారు ఉద్యోగం చేసే దూరపు బంధువుకు ఆ వారం కుశల ప్రశ్నల ఫోన్లు ఎక్కువవుతాయి. చివరి నెలలో పాటే ఉండదు. మిగిలిన ఒక్కరికి కమీషన్ పోను 95,000 చేతిలో పెడతారు. జామీను అడగరు, తీర్చాల్సిన బాకీ లేదు గనక. ఈ చివరి మనిషి పొదుపు చేశానని చెప్పుకుంటాడు గానీ, నిజానికి ఇన్నాళ్లూ తోటివారికి అప్పు పెట్టాడు.

చిట్ ఫండ్స్ చట్టం 1982లో వచ్చింది. కమీషన్ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచింది 2019 సవరణ. రిజిస్టర్ కాని కాలనీ చీటీలో మాత్రం చట్టమంతా నిర్వాహకురాలి నోటు పుస్తకంలోనే ఉంటుంది. ఆవిడ ఓ తెల్లవారుజామున ఇల్లు ఖాళీ చేస్తే ఎక్కువ మునిగేది ఓపికపరులే. తొందరపడ్డవాళ్లు అప్పటికే మంచం మీద పడుకుని ఉంటారు.

 

చివరిదాకా ఆగేవారిలో నాణ్యత పట్టింపు ఉన్నవారు ఎక్కువ. నూలు చీరకు పట్టు అంచూ కొంగూ కలిపి నేసే గద్వాల చీర కావాలనుకుంటే వారికి అదే కావాలి, అది కూడా చేనేతదే. అది వచ్చేలోగా రెండు మూడు పెళ్లిళ్లు పాత చీరతో గడిచిపోతాయి, ధర కూడా ఓ మెట్టెక్కుతుంది. తొందరపడ్డవాడి లెక్క వేరు. వదులుకున్న 25,000ను 20 నెలలకు పంచితే మంచానికి నెలకు 1,250 అద్దె. పంపకాల్లో కొంత తిరిగొస్తుంది, మొదటి రాత్రి నుంచే నిద్రా దక్కుతుంది. మన్నికైన వస్తువును వెంటనే వాడుకోవడానికి ఇది మరీ అన్యాయమైన ధరేమీ కాదు.

గద్వాల చీర సంగతి అలా కాదు. ఇన్నాళ్లు ఆగి కొన్నది గనక కట్టడానికి చెయ్యి రాదు. మల్లు గుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెడతారు. ఒకే మడతలో ఉంటే జరీ విరుగుతుంది కాబట్టి అప్పుడప్పుడూ తీసి మడత మార్చాలి. కట్టడం ఏళ్ల తరబడి వాయిదా పడినా ఈ మడత మార్చడం మాత్రం తప్పదు.