గాల్లో టీకా, గాట్లో బర్రె

ఫిల్మ్‌నగర్‌లో ఏ కథకి పల్లె కావాలన్నా ముందు పడేది డ్రోన్ షాటే. పచ్చటి పొలం, చెరువు, గట్టు మీద బర్రెల బారు. డ్రోన్‌కి బర్రె వీపు తప్ప మొహం కనపడదు, అయినా తెర మీద మట్టివాసన గుప్పుమంటుంది. ఇప్పుడు ఆ డ్రోన్‌కే పెద్ద వేషం దొరికింది: పశువుల డాక్టరు.

ఇది కల్పన కాదు. షేక్‌పేట దాటి కాస్త ముందుకెళ్తే గచ్చిబౌలిలో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఉంది. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు 1982లో పెట్టిన టీకాల సంస్థ. 2022లో వాళ్ల పశువుల టీకా అరుణాచల్‌లో రోయింగ్ నుంచి పాగ్లామ్‌కి డ్రోన్ మీద వెళ్లింది. నదులు దారికి అడ్డం పడే చోటు అది. అక్కడ ఎగిరితే దండం పెడతాను.

నా గొడవల్లా ఆ షాట్‌ని తెచ్చి మన ఊళ్లకి అతికించే మేధావులతోనే. 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో ‘మెడిసిన్స్ ఫ్రమ్ ద స్కై’ పేరుతో మనుషుల మందులు మంత్రుల సమక్షంలో ఎగిరాయి కదా, ఇక బర్రెలకి ఎగరడమే తరువాయి అంటారు.

లెక్క చూద్దాం. గాలికుంటు టీకా పెద్ద పశువుకి 2 మిల్లీలీటర్లు. 300 పశువులున్న ఊరికి 600. పెద్ద బీరు సీసా కూడా నిండదు! దాన్ని ఐసు ప్యాకుల మధ్య పెట్టుకుని గోపాలమిత్ర బైకు మీద తెచ్చేస్తాడు.

అసలు సినిమా సీసా దిగాకే మొదలు. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. పశువుల్ని మేతకి తోలకముందే పట్టుకోవాలి. ఒకరు పలుపుని గుంజకి బిగించాలి, ఒకరు కొమ్ములు వంచాలి, ఇంకొకరు మెడలో సూది దించాలి. అది తల విదిలిస్తే సూది వంగుతుంది, తన్నితే మోకాలు వంగుతుంది. తర్వాత చెవిపోగు మీది 12 అంకెలూ ఫోన్లో ఎక్కించాలి. పేడంటిన ఆ అంకె మూడో ఎనిమిదో! ఇంతలో రైతు: “సూదేస్తే పాలు తగ్గుతయంట గద సారూ, రేపు రాండ్రి.” దీనికి జవాబు చెప్పగల రెక్క ఇంకా ఏ డ్రోన్‌కీ మొలవలేదు.

2030కల్లా గాలికుంటుని నిర్మూలిస్తామని 2019లో మథురలో ముహూర్తం కొట్టారు. అంటే ఆర్నెల్లకోసారి ఊరూరా ఇదే కుస్తీ. కుస్తీకి మనుషులు కావాలి. వాళ్ల పోస్టుల సంగతెత్తితే డ్రోన్ చూపిస్తారు.

అందుకే వచ్చే ప్రారంభోత్సవానికి నాదో చిన్న స్క్రీన్‌ప్లే. డ్రోన్ దిగగానే ముఖ్య అతిథి చేతికి టీకా పెట్టె ఇవ్వకండి, పలుపివ్వండి. అటు చివర కోపిష్టి ముర్రా బర్రె ఉండాలి. కెమెరా నేల మీదే పెట్టండి. రీటేక్ లేదని ముందే చెప్పండి.